అమ్మగారి చిన్న మోటారు బండి

ఇంటిలోని పాత సామానును పారవేయు విషయమున అన్నదమ్ములకును అక్కచెల్లెండ్రకును అభిప్రాయభేదము కలుగుట క్రొత్త సంగతి కాదు. మా యింట నది 2024వ సంవత్సరపు సంక్రాంతి పండుగనాడు, వరండాలో పాతచీర కప్పుకొని నిలిచియున్న యొక చిన్న బండి మూలమున కలిగినది.

అది మా అమ్మగారి బండి. దివిసీమ పల్లెలలో ఆమె ముప్పదియేండ్లకు పైగా ప్రాథమిక పాఠశాలల యందు పంతులమ్మగా పనిచేసిరి. 1989వ సంవత్సరమున బస్సు పోని యొక యూరికి బదిలీ కాగా, కాలువగట్టు వెంబడి తొమ్మిది కిలోమీటర్లు నడచుట సాధ్యముగాక, కొన్ని నెలల జీతము కూడబెట్టి దానిని కొనిరి. హోసూరు కర్మాగారమునుండి 1980లో తొలిసారి వెలువడిన టి.వి.యస్. 50 అను జాతిది. గేర్లు లేవు, బ్యాటరీ లేదు, సైకిలుకువలె పెడళ్లు గలవు. స్టాండుపై నిలిపి పెడళ్లు త్రొక్కినచో ఇంజను అందుకొనును. ముందుభాగము పల్లముగా నుండుటచే చీరకట్టుకొన్న స్త్రీలు సులువుగా నెక్కవచ్చును. మే మిద్దరము అక్కచెల్లెండ్రము ఒకరు ముందును, ఒకరు వెనుకను కూర్చుండి దానిపైననే బడికి పోయి చదువుకొంటిమి. బరువెక్కువైనపుడు వంతెన యెక్కలేక అది ఆయాసపడుచుండగా మే మొకరము దిగి వెనుకనుండి త్రోయుట మాకు బాగుగా జ్ఞాపకమున్నది.

2020వ సంవత్సరము మార్చి నెలలో కరోనా కారణమున బడులన్నియు మూతపడినవి. ఆ సాయంకాలము అమ్మగారు యథాప్రకారము ఇంటికి వచ్చి బండిని వరండాలో నిలిపిరి. బడి మరల తెరువకమునుపే, ఆ జూలైలో, ఆమెకు అరువదియేండ్లు నిండి ఉద్యోగ విరమణమైనది. పూలదండ లేదు, పిల్లల వీడ్కోలు లేదు. ఉత్తరువు కాగితము మాత్రము వచ్చినది. బండి నిలిచినచోటనే నిలిచిపోయినది.

పండుగకు వచ్చిన మా అన్నయ్య పాత ఇనుము కొనువానిని పిలిపించెను. వాడు చక్రమును కాలితో తన్ని చూచి, తూకము ప్రకార మింత యిచ్చెదనని చెప్పెను. అమ్మగారిని అడిగితిమి. "మీ ఇష్టం నాయనా" అని లోపలికి పోయిరి. ఆ మాట ఆమె యేనాడు అనునో ఇంటి ఆడువారికి తెలియును. మగవారు దానిని సమ్మతి యనుకొందురు.

మేము పెట్టె తెరచి కాగితములు వెదకితిమి. రిజిస్ట్రేషను పత్రముపై నున్నది మా నాన్నగారి పేరు గాదు, అమ్మగారి పేరే. మోటారు బండి రిజిస్ట్రేషను మొదట పదునైదేండ్లు చెల్లును. పిమ్మట అయిదేసి యేండ్ల కొకమారు బండిని రవాణా కార్యాలయమున చూపించి పొడిగించుకొనవలెను. అమ్మగారు 2004, 2009, 2014, 2019 సంవత్సరములలో నాలుగుమారులు తామే స్వయముగా పోయి పొడిగించుకొని యుండిరి. మిగిలిన గడువు 2024 మే నెలవరకే. అన్నయ్య నవ్వి, "అప్పటికి అది నడిస్తే ఉంచుకోండి, నడవకపోతే ఇనుపవాడికే" అనెను. మేమును సరే యంటిమి.

ఊరిలోని మెకానిక్కు దాని మొగము చూచి, "దీనికి పెట్టే డబ్బుతో కొత్తది వస్తుందమ్మా" అని పంపివేసెను. ఆ వీథి చివర మరియొక వృద్ధుడు గలడు. చేయి వణకుటచే పని మానినవాడు. "విప్పి తెచ్చి చూపించండి, ఏం చేయాలో చెబుతాను, చేతులు మాత్రం మీవే" అనెను. అట్లే ఒప్పందమైనది.

టాంకి మూత తీయగా కుళ్లిన వార్నీషువంటి వాసన కొట్టినది. నాలుగేండ్ల పెట్రోలు ఆవిరియై పోగా అడుగున జిగురు మిగిలినది. సముద్రపు ఉప్పుగాలికి లోపల త్రుప్పు పట్టినది. దీనికి మందు బజారులో దొరకునట గాని మాకు వంటింటి యుపాయమే తోచినది. ఇత్తడి బిందెలు తోమునది చింతపండు కాదా? పులుపునకు త్రుప్పును కరగించు గుణము గలదు. కిలో పాత చింతపండు పిసికి, వడగట్టి, టాంకి నిండ పోసి రెండు రాత్రు లుంచితిమి. కుళాయి విప్పగా వచ్చిన రసము కాటుకవలె నల్లగా నుండెను. పిమ్మట వంటసోడా నీటితో కడిగి, ఎండలో నారబెట్టి, వెంటనే నూనె కలిపిన పెట్రోలుతో తడిపితిమి. తడి లోహమును ఊరక విడిచినచో మరల త్రుప్పు పట్టును. వృద్ధుడు వేలితో లోపల తడిమి చూచి, "ఎవరు చెప్పారమ్మా మీకిది?" అని యడిగెను. మేము గర్వపడితి మని వేరుగ చెప్పనక్కరలేదు.

కార్బ్యురేటరులో పెట్రోలు పోవు రంధ్రము సూదిమొనంత యుండును. దానినే జెట్టు అందురు. మే ముత్సాహమున పిన్నీసు తీయగా ఆయన వారించెను. ఉక్కు గీసికొన్నచో రంధ్రము పెద్దదై పెట్రోలు లెక్క తప్పునట. విద్యుత్తు తీగలోని సన్నని రాగిపోగుతో పొడిచి, నోటితో ఊది బాగుచేసితిమి. సైలెన్సరు లోని మసిని కుంపటిపై కాల్చి దులిపితిమి. టైర్లు, ట్యూబులు, బ్రేకు తీగలు క్రొత్తవి కొంటిమి. ఇట్టి బండ్లకు నూనెను పెట్రోలుతోనే కలిపి పోయవలెను. అది లేనిచో ఇంజను లోపల ఒరసికొని బిగిసిపోవును.

అన్నియు నయినవి గాని బండి కదలలేదు. మూడు సాయంకాలములు పెడళ్లు త్రొక్కి మా పిక్కలు పట్టుకొన్నవి. క్రొత్త ప్లగ్గు వేసినను నిప్పురవ్వ కనబడదు. ఏప్రిలు నెల గడచిపోవుచున్నది. వృద్ధుడు జ్వరముతో మంచము పట్టియుండెను. ఇనుపవాడు ఒకనాడు గుమ్మము ముందు ఆగి, ఏమియు ననక పోయెను.

నాలుగవనాడు అమ్మగారు గుమ్మములో కూర్చుండి చిక్కుడుకాయలు ఒలుచుచుండిరి. ఆ మూడు నెలలును ఆమె ఒక్క మాట యనలేదు. మా అవస్థ చూచి చూచి చేట ప్రక్కనబెట్టి, "పాయింట్లు చూశారటే?" అనిరి. మేము తెల్లబోతిమి. "వానాకాలం ఎప్పుడూ ఇంతే. గట్టుమీద ఆగిపోతే ఎవరొస్తారు? ఆ గుండ్రటి చక్రానికి చిన్న కిటికీ ఉంటుంది, దానిలోంచి చూడండి."

చక్రమునకు నిజముగా కిటికీ యుండెను. దాని వెనుక రెండు చిన్న లోహపు మొనలు కలసి విడిపోవుచుండును; అవి విడిపోవు క్షణముననే ప్లగ్గులో రవ్వ పుట్టును. వానిపై తెల్లని పొర పట్టియుండెను. అమ్మగారు గరుకు కాగితమును మడచి సందున దూర్చి నాలుగుమారులు లాగిరి. తరువాత గుడ్డతో తుడిచి, "త్రొక్కండి" అనిరి.

రెండవ త్రొక్కుడున దగ్గినది. అయిదవ దానికి వరండా నిండ నీలిపొగ కమ్మి, ఆ పాత "టటటట" ధ్వని లేచినది. పొరుగింటి పిన్నిగారు పొయ్యిమీది పాలు విడిచి పరుగెత్తి వచ్చిరి. అమ్మగారు మాత్రము చెవి యొగ్గి విని, "గాలి ఎక్కువైంది, కొంచెం తగ్గించాలి" అని స్క్రూ త్రిప్పుచు కూర్చుండిరి. ముప్పదియొక్క యేండ్లు ఆ గట్టుమీద ఏకాకిగా ఆమె యెన్నిమారు లట్లు కూర్చుండిరో మే మంతవర కెన్నడు నడిగియుండలేదు. ఇప్పు డడుగుటకు సిగ్గయినది.

బీమా, కాలుష్య పరీక్షా పత్రము మొదలగునవి ముందుగా సంపాదించి, మే నెల మొదటి వారమున రవాణా కార్యాలయమునకు కొనిపోతిమి. అధికారి బ్రేకులు, దీపము, కూత పరీక్షించి, ఎవరు నడుపుదురని అడిగిరి. మేము నోరు తెరచునంతలో అమ్మగారు హెల్మెట్టు పెట్టుకొని ఆవరణము చుట్టి వచ్చిరి. 2029 వరకు పొడిగింపు లభించినది. అన్నయ్యకు ఫొటో పంపితిమి. చాలసేపటికి, "అమ్మని జాగ్రత్తగా నడపమనండి" అని జవాబు వచ్చినది.

ఆ వచ్చిన ఆదివారము తెల్లవారి లేచి చూచుసరికి వరండాలో బండి లేదు. పాతచీర మడతపెట్టి గోడపై నున్నది. మాకు గుండె జారినది. అరువది మూడేండ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు, ఫోను ఇంటిలోనే విడిచిపోయిరి. ఒకరము గుమ్మములోను, ఒకరము వీథి మలుపులోను నిలిచితిమి. ఎనిమిది గంటలు దాటిన పిమ్మట ధ్వని వినబడినది.

కాళ్లకు కాలువగట్టు ఎఱ్ఱమట్టి, కొంగున నాలుగు వేపపూరెమ్మలు. ఆఖరి బడిముందు వేపచెట్టు కలదని ఆమె చెప్పగా విన్నదే గాని మే మెన్నడు చూడలేదు. "బడికి తాళం వేసి ఉంది. వేసవి సెలవులని మరిచిపోయాను" అనుచు స్టాండు వేసిరి. మేము కోపపడబోవుచుండగా, "ముందు ఆ పానా ఇలా తెండి, వెనుక బ్రేకు వదులైంది" అనిరి.