ఎప్పటికైనా పనికొస్తుంది

మానవుడు కూడబెట్టేవి ధనధాన్యాలు మాత్రమే కావు. పిడి విరిగిన సుత్తె, జత తప్పిన మడతబందు, తాళం పోయిన తాళంచెవి, వంగిన మేకు మొదలైన అల్పవస్తువులను సైతం అపురూపంగా దాచుకొనేవారు ప్రతి ఊరిలోనూ కనిపిస్తారు. వారిని పిసినారులని లోకం పరిహసిస్తుంది. కాని ప్రతి కూడబెట్టుదల వెనుకా ఒక కథ ఉంటుంది. ఆ కథ తెలియక చేసే పరిహాసం న్యాయం కాదు. ఆ కథ తెలిసినంత మాత్రాన ఆ కూడబెట్టుదల మంచిదనుకోవడమూ సరికాదు.

ఖమ్మం మైదానం ముగిసి భద్రాచలం అడవి మొదలయ్యేచోట, కిన్నెరసాని గోదావరిలో కలిసే బూర్గంపహాడ్ ప్రాంతంలో ఒక గ్రామం. అక్కడ ఒక వృద్ధ వడ్రంగి ఇంటి వెనుక రేకుల కొట్టం ఉండేది. నాగళ్లు, గొర్రులు, గుంటకలు, ఎడ్లబండి చక్రాలు ఆ కొట్టంలోనే తయారయ్యేవి. చుట్టుపక్కల కోయగూడేల రైతులు తొలకరికి ముందే వచ్చి, తమ పనిముట్లు బాగుచేయించుకొని వెళ్లేవారు. క్రమంగా ట్రాక్టర్లు వచ్చాయి. చక్రాలు చేయించుకొనేవారు తగ్గిపోయారు. పని తగ్గేకొద్దీ ఖాళీ కావలసిన కొట్టం, విచిత్రంగా, నిండుతూ వచ్చింది.

దానిలో లేని వస్తువు లేదు. ఉలులు ముప్పైకి పైగా ఉండేవి. వాటిలో పదునున్నవి నాలుగు. పళ్లు అరిగిన రంపాలు, దిమ్మె పగిలిన చిత్రికలు, తిరగని బరమాలు, అరిగిన ఆకురాళ్లు, సైకిలు గొలుసులు, లారీ కమాను పట్టీలు, చక్రపు ఆకులు, ఇరుసులు, నూనెడబ్బాల నిండా మరలు, నట్లు, బోల్టులు. పాత ఇనుము కొనేవాడు వీధిలోకి వస్తే, అమ్మడానికి బదులు అతని బండిలో నుంచే రెండు ముక్కలు ఏరి తెచ్చుకొనేవాడు వృద్ధుడు. "ఎందుకయ్యా ఇదంతా?" అని భార్య అడిగితే, "ఎప్పటికైనా పనికొస్తుందే" అన్నదే అతని సమాధానం.

ఆ సమాధానం పుట్టింది 1986లో. ఆ ఏడు ఆగస్టు 16న భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. అక్కడ 43 అడుగులకు మొదటి, 48 అడుగులకు రెండవ, 53 అడుగులకు మూడవ ప్రమాదహెచ్చరిక జారీచేస్తారు. మూడవ హెచ్చరికకు పైన మరో ఇరవై రెండు అడుగులకు మించి నీరు నిలిచిందంటే తీరగ్రామాల గతి ఊహించుకోవచ్చు. ముప్పై ఏళ్ల ఆ వడ్రంగి పిల్లలను భుజాన వేసుకొని మెరకకు చేరాడు. వరద తీశాక తిరిగివస్తే ఇల్లు లేదు, పనిముట్లూ లేవు. మోకాటిలోతు ఒండ్రులో వెదకగా తండ్రి వాడిన బాడిస ఒక్కటి దొరికింది. ఒక మేకు కోసం, ఒక ఉలి కోసం పరుల గడప తొక్కిన ఆ రోజులు అతని మనసులో ముల్లై నాటుకొన్నాయి. ఇక ఏ వస్తువూ పారవేయకూడదని ఆనాడే నిశ్చయించుకొన్నాడు. సర్వం కోల్పోయినవాడు సర్వాన్నీ దాచుకోవాలనుకోవడం సహజమే కదా!

ముప్పై ఆరేళ్ల తరువాత, 2022 జూలైలో, గోదావరి మళ్లీ విజృంభించింది. మూడవ హెచ్చరిక దాటగానే ఊరు ఖాళీచేయమని అధికారులు చాటింపు వేయించారు. ఇంటిముందు ట్రాక్టరు నిలిచింది. సారపాకలోని కాగితపు మిల్లులో పనిచేసే కొడుకు బియ్యం, బట్టలు, పత్రాలు ఎక్కిస్తున్నాడు. వృద్ధుడు మాత్రం కొట్టంలోకి వెళ్లి, చేతికందిన ఇనుపసామానును రెండు గోనెసంచులలో నింపసాగాడు. "తాతా, నీళ్లు వాగు దాటినయి, రా!" అని మనుమడు కేకవేసినా కదలలేదు. చివరికి సంచులు రెండూ ఎక్కిన తరువాతనే అతడు బండి ఎక్కాడు. వాటికి చోటు చేయడానికి ఎవరో ఒక చిన్న మూటను అరుగుమీద దించారు. ఆ తొందరలో దానిని మళ్లీ ఎక్కించడం అందరూ మరచిపోయారు.

పునరావాస కేంద్రమైన బడికి చేరాక తెలిసింది: ఆ మూటలో ఉన్నవి అతని భార్య రోజూ వేసుకొనే రక్తపోటు మాత్రలు. ఆమె ఒక్క మాట కూడా అనలేదు. వైద్యశిబిరం వారు మరునాడు మందులు ఇచ్చారు కనుక ప్రమాదం తప్పింది. కాని ఆ రాత్రి ఆమె తలపట్టుకొని గోడకు ఆనుకొని కూర్చున్న దృశ్యం వృద్ధుణ్ణి నిద్రపోనీయలేదు.

మరొక పరీక్ష ఆ మరునాడు ఎదురైంది. బడి ఆవరణలోని చేతిపంపు పిడి బోల్టు విరిగింది. నీళ్లకోసం బిందెలు వరుస కట్టాయి. "నా దగ్గర ఉంది" అంటూ వృద్ధుడు ఉత్సాహంగా లేచాడు. సంచులు రెండూ నేలమీద కుమ్మరించాడు. గంటసేపు వెదికాడు. అటువంటి బోల్టు తన వద్ద ఉన్నదని అతనికి ఖాయంగా తెలుసు. ఎక్కడ ఉన్నదో మాత్రం తెలియదు. ఇంతలో కోయగూడెం నుంచి వచ్చిన ఒక యువకుడు, తన సైకిలుకు కట్టిన చిన్న రేకుడబ్బా తెరిచి, నిమిషంలో తగిన బోల్టు తీసి బిగించాడు. ఆ డబ్బాలో ఉన్నవి పదిహేను వస్తువులకు మించవు. వేళకు చేతికి అందని వస్తువు ఉన్నా లేనట్లే అన్న సత్యం అరవయ్యారేళ్ల వయసులో ఆ వృద్ధునికి బోధపడింది.

ఆ జూలై 16న నీటిమట్టం 71.3 అడుగులకు చేరి, ఆ తరువాత తగ్గుముఖం పట్టింది. తిరిగివచ్చేసరికి కొట్టం నిండా బురద. ఈసారి కొట్టం నిలిచింది. వస్తువులూ చాలావరకు మిగిలాయి. కాని అన్నీ తుప్పుపట్టాయి. కర్రపిడులు ఉబ్బాయి. వాటిని ఎండలో పెడితే పగులుతాయని నీడన ఆరబెట్టాడు. ఇనుమును కిరసనాయిలులో నానబెట్టి, ఇటుకపొడితో తోమి, నూనె రాశాడు. ఉలి వెనుకవైపు అంచుదాకా తుప్పు గుంటలు పడితే ఎంత సానపట్టినా దానికి నిలకడైన పదును రాదు. అటువంటివాటిని ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకొని, చాలాసేపు చూసి, పక్కన పెట్టాడు.

కొట్టం నడుమ మూడు కుప్పలు లేచాయి. ఏడాదిలో ఒక్కసారైనా తన చేయి తాకేవి మొదటిది. మరొకరి చేతికి ఉపయోగపడేవి రెండవది. ఎవరికీ పనికిరానివి మూడవది. మూడవ కుప్ప పాత ఇనుము బండికెక్కింది. "ఇన్నాళ్లకు దానికి బేరం పెట్టినవా!" అని భార్య నవ్వింది. వృద్ధుడూ నవ్వాడు. పాత ఇనుము వ్యర్థం కాదు; కొలిమిలో కరిగి మళ్లీ కొత్త ఇనుమవుతుంది. కొట్టంలో పడి తుప్పుపట్టడమే దానికి వ్యర్థత.

పెట్టె అట్టడుగున తండ్రి బాడిస దొరికింది. అన్నిటికంటె విలువైనదని దాచుకొన్న ఆ వస్తువు పనికిమాలిన వస్తువులన్నిటి కిందా నలిగి, ఎర్రగా తుప్పుపట్టి ఉంది. దానిని చూసి వృద్ధుని కళ్లు చెమర్చాయి. రెండు రోజులు శ్రమించి పదును పెట్టాడు. కొత్త పిడి తొడిగాడు. ఆ ఏటి దసరాకు పనిముట్లన్నిటినీ కడిగి పసుపుకుంకుమలు పెట్టి పూజించాడు. ఆ సాయంత్రం కోయగూడెం యువకుణ్ణి పిలిపించి, రెండవ కుప్పతోపాటు బాడిసను కూడా అతని చేతిలో పెట్టాడు. "ఇది పనిచెయ్యాలె బిడ్డా! పెట్టెలో ఉంటే సచ్చిపోతది" అన్నాడు.

పొదుపు వేరు, పోగుచేయడం వేరు. గాంధీజీ తనకు వచ్చిన ఉత్తరాల వెనుక ఖాళీగా ఉన్న కాగితాన్ని రాతకు వాడుకొనేవాడు. అది పొదుపు, అక్కడ వస్తువు పనిలోకి వస్తుంది. వాడకానికి దూరమై ఇంటిని ఆక్రమించేది పోగు. విలువతో నిమిత్తం లేకుండా దేనినీ వదులుకోలేక, గదులు వాడుకోవడానికి వీలులేనంతగా నింపుకొని బాధపడే స్థితిని అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో వెలువరించిన గ్రంథంలో ప్రత్యేక రుగ్మతగా గుర్తించింది. అటువంటివారికి కావలసింది పరిహాసం కాదు, ఆదరణతో కూడిన చికిత్స. జపాను కర్మాగారాలలో ప్రసిద్ధమైన అయిదంచెల పద్ధతిలో మొదటి మెట్టు అక్కరలేనివాటిని ఏరివేయడం. రెండవది ప్రతి వస్తువుకూ ఒక చోటు నిర్ణయించడం. మన యోగశాస్త్రం అహింసాసత్యాల సరసన అపరిగ్రహాన్ని నిలిపింది. అవసరానికి మించి స్వీకరించకపోవడమే అపరిగ్రహం.

ఇప్పుడా కొట్టంలో గోడకు ఒక చెక్క పలక ఉంది. దానికి వరుసగా పన్నెండు పనిముట్లు వేలాడుతుంటాయి. చీకటిలో చేయి చాచినా కావలసినది అందుతుంది. ఖాళీ అయిన మూలలో కిటికీ పక్కన ఒక మంచం వేశారు. మధ్యాహ్నవేళ వృద్ధుని భార్య అక్కడ కూర్చొని బియ్యం ఏరుకొంటుంది. ఆమె తలపైన గూటిలో, అందరికీ కనబడేచోట, మాత్రల డబ్బా ఉంటుంది.