మంచుపలక కింద వదిలిన చేప

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో జనవరి సగానికి వచ్చేసరికి చెరువులు నేలలా గట్టిపడి ఉంటాయి. జనం వాటి మీద నడిచి వెళ్తారు. బరమాతో జానెడు వెడల్పు రంధ్రం తొలిచి, పక్కన బకెట్టు బోర్లించి కూర్చుని, రెండడుగుల కర్రకు కట్టిన సన్నటి దారాన్ని అందులోకి జారవిడుస్తారు. కొన్ని చిన్న చెరువుల్లో వాళ్ళు ఎదురుచూసేది ట్రౌట్ అనే చేప కోసం. ఆ ట్రౌట్ అక్కడ పుట్టింది కాదు. ప్రభుత్వ హ్యాచరీలో గుడ్డు నుంచి పెరిగి, లారీ ట్యాంకులో ప్రయాణం చేసి, గొట్టం గుండా ఆ నీళ్ళలోకి దిగింది. ఈ సంగతి తెలిసిన చాలామందికి ఈ వేట మీద చిన్నచూపు. ఏటిలో పుట్టి పెరిగిన చేపతో తలపడితే అది వేట గానీ, మొన్న వదిలి ఇవాళ పట్టుకుంటే వేటెలా అవుతుందని వాళ్ళ ప్రశ్న. ఆ చిన్నచూపు సరికాదని నా నమ్మకం. హ్యాచరీ చేపను మనిషి చాలా చోట్ల వదిలాడు, చాలాసార్లు వదలకూడనిచోట వదిలాడు. దానికి తగిన చోటంటూ ఉంటే అది బయటి నీళ్ళతో పెద్దగా సంబంధం లేని ఇలాంటి చిన్న చెరువే. అక్కడ దాన్ని పట్టుకోవడానికి తగిన కాలం చలికాలం.

మిన్నెసోటాలో ఈ చెరువులను పిలిచే పేరే ఉన్న విషయాన్ని చెప్పేస్తుంది. వాటిని 'స్ట్రీమ్ ట్రౌట్ లేక్స్' అంటారు, అంటే ఏటి ట్రౌట్‌ను పెంచే చెరువులు. ఇక్కడ వదిలే రెయిన్‌బో ట్రౌట్ పసిఫిక్ తీరపు నదుల చేప. బ్రౌన్ ట్రౌట్ యూరప్ నుంచి 1883లో గుడ్లుగా వచ్చింది. బ్రూక్ ట్రౌట్ తూర్పు అమెరికా సొంత చేప. మూడింటికీ గుడ్లు పెట్టడానికి గులకరాళ్ళు కావాలి, ఆ రాళ్ళ సందుల్లోంచి చల్లటి నీరు పారుతుండాలి. ఆడచేప తోకతో గుంట చేసి గుడ్లు పెట్టి కప్పేస్తుంది. నీరు కదలకపోతే ఆ గుడ్లకు ప్రాణవాయువు అందదు. కాబట్టి వాగు కలవని చెరువులో రెయిన్‌బో ట్రౌట్ ఎంత బలిసినా సంతానం ఉండదు. ఇది మనవాళ్ళకు కొత్త సంగతేమీ కాదు. బొచ్చె, రోహు, మృగాల మన చెరువుల్లో ఎంత ఏపుగా పెరిగినా ఆ నిలవనీటిలో గుడ్లు పెట్టవు, వరద వచ్చిన నది కావాలి. అందుకే ఒకప్పుడు నదుల్లో పిల్లలను ఏరి తెచ్చి చెరువుల్లో వేసేవారు. 1957లో ఒడిశాలో హీరాలాల్ చౌధురి పిట్యుటరీ గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి వాటి చేత గుడ్లు పెట్టించాక ఆ అవస్థ తీరింది. తెలంగాణ ప్రభుత్వం 2016 నుంచి ఊరి చెరువుల్లో ఉచితంగా వదిలిన చేపపిల్లల వెనక ఉన్నది ఆ సూదే. వానకాలంలో పిల్లను వేస్తారు, ఎండాకాలం నీరు ఇగిరిపోయే లోపు వలేసి పట్టేస్తారు. ఆ చేపను దొంగ చేప అని ఎవరూ అనరు. పెట్టుబడి పెట్టి వేసింది కాబట్టి పట్టుకోవడం న్యాయమనే అనుకుంటారు.

మంచు కింది ట్రౌట్ లెక్క కూడా దాదాపు అదే, అక్కడ ఎండే ప్రమాదం మాత్రం వేరు రూపంలో వస్తుంది. లోతు తక్కువ చెరువుల్లో వేసవి నీరు ఇరవై అయిదు డిగ్రీలకు చేరితే రెయిన్‌బో ట్రౌట్ బతకడం కష్టం. ఐయోవా రాష్ట్రంలో పట్టణాల్లోని చిన్న చెరువులకు ట్రౌట్‌ను చల్లబడ్డ రోజుల్లోనే తెస్తారు, ఎందుకంటే వేసవిలో ఆ నీళ్ళలో దానికి చోటు లేదు. అలాంటి చెరువులో చలికాలం పట్టని చేప వేసవిలో ఎలాగూ పోయేదే. కనుక దాన్ని తీసుకెళ్ళి వండుకుంటే చెరువుకు లోటు రాదు. పట్టి వదిలెయ్యడమే ఉత్తమమని నదుల దగ్గర నేర్చుకున్న నీతిని ఇక్కడికి మోసుకురావడం పొరపాటు. పైగా సున్నాకు ఎంతో దిగువన ఉన్న గాలిలోకి తీస్తే చేప మొప్పలు, కళ్ళు క్షణాల్లో గడ్డకట్టడం మొదలుపెడతాయి. దాన్ని ఫోటో కోసం చేతిలో పట్టుకుని నిలబడి తర్వాత నీళ్ళలో వదిలితే అది దయ కాదు. పరిమితి మేరకు పట్టి, చంపి, తినడమే మర్యాద.

ఇక ఇందులో వేట లేదన్న మాట చెరువు లోపల ఏం జరుగుతుందో తెలిస్తే నిలవదు. నీరు నాలుగు డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటుంది. అందుకే చెరువు పైనుంచి గడ్డకడుతుంది, అడుగున నాలుగు డిగ్రీల నీరు, పైన సున్నాకు దగ్గరగా ఉన్న నీరు నిలుస్తాయి. పైన మంచు మూతపడ్డాక గాలి అందదు. ఆ మంచు మీద మళ్ళీ మంచు కురిసి పేరుకుంటే వెలుతురు కూడా దిగదు, నీటిమొక్కలు ప్రాణవాయువును తయారుచెయ్యలేవు. అడుగున కుళ్ళుతున్న ఆకులూ నాచూ ఉన్న కాస్తంత ప్రాణవాయువును తినేస్తుంటాయి. చలికాలం ముదిరేకొద్దీ ఊపిరాడే నీరు కింది నుంచి పైకి కుంచించుకుపోతుంది. ట్రౌట్‌కు ప్రాణవాయువు ఎక్కువ కావాలి, కాబట్టి అది పైపై నీటిలో, తరచు ఒడ్డుకు దగ్గరగా అయిదారడుగుల లోతులో, మంచుపలక కడుపును ఆనుకున్నట్టు తిరుగుతుంది. చెరువు మధ్యలో లోతు వెతుక్కునే కొత్తవాడికి అది దొరకదు. ఒడ్డు నుంచి లోతుకు దిగే అంచు వెంట రంధ్రాలు వేసి, తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ కాచుకునేవాడికి దొరుకుతుంది. చీకటి గుడారంలో మంచు మీద బోర్లా పడుకుని రంధ్రంలోకి చూసేవాళ్ళున్నారు. గుడారంలోకి వెలుగు చొరబడదు కాబట్టి కింద నీరు పచ్చటి గాజులా మెరుస్తుంది, మచ్చల చేప ఒకటి ఎర దాకా వచ్చి, ముక్కుతో తాకినంత పనిచేసి, తిరిగి వెళ్ళిపోవడం కనిపిస్తుంది. హ్యాచరీలో గుళికలు తిన్న చేప మొదటి కొన్నాళ్ళు అమాయకంగా ఉంటుందన్నది నిజం. చెరువులో కొన్ని వారాలు గడిచాక నీటి పురుగులను తినడం నేర్చుకుంటుంది, దారం కాస్త లావుగా ఉన్నా అనుమానపడుతుంది.

ఇంతవరకూ తేలిక. బరువైన అభ్యంతరం ప్రకృతి పక్షాన వచ్చేది, దాన్ని తగ్గించి చెప్పడం నాకిష్టం లేదు. 1871లో ఏర్పడిన అమెరికా ఫిష్ కమిషన్ కాలిఫోర్నియాలోని మక్‌క్లౌడ్ నది ఒడ్డున హ్యాచరీ పెట్టింది మొదలు, రెయిన్‌బో ట్రౌట్ అంటార్కిటికా తప్ప అన్ని ఖండాలకూ పాకింది. మన నీలగిరుల సెలయేళ్ళలోకీ ట్రౌట్‌ను బ్రిటిషువాళ్ళు తెచ్చి వదిలారు. ఆ ఉత్సాహం చేసిన నష్టం చిన్నది కాదు. 1962లో అమెరికాలో గ్రీన్ నది మీద ఫ్లేమింగ్ గార్జ్ ఆనకట్ట నిండబోయే ముందు, కొత్త జలాశయంలో రెయిన్‌బో ట్రౌట్‌కు పోటీ ఉండకూడదని, వందల మైళ్ళ నదిలో రోటెనోన్ అనే విషం పోసి సొంత చేపలను చంపారు. ఆ విషం అనుకున్న చోట ఆగక దిగువన ఉన్న డైనోసార్ నేషనల్ మాన్యుమెంట్ దాకా పారింది. కాలిఫోర్నియాలో సియెరా నెవాడా కొండల మీద చేపలే లేని సరస్సుల్లో ట్రౌట్‌ను వదిలితే, పసుపు కాళ్ళ కొండకప్పల తోకకప్పలను అవి తినేశాయి. కొన్ని సరస్సుల్లో ట్రౌట్‌ను తొలగించి చూస్తే కప్పలు మళ్ళీ పెరిగాయి. మొంటానాలో మాడిసన్ నది మీద జరిగిన పరిశీలన మరీ విలువైనది. హ్యాచరీ చేపలను వదలడం ఆపిన చోట నదిలో పుట్టిన ట్రౌట్ సంఖ్య పెరిగింది. అంటే చేపలను కలిపితే చేపలు తగ్గుతున్నాయన్నమాట. దాన్ని చూసి మొంటానా 1974లో, ట్రౌట్ తనంతట తాను పుట్టే నదుల్లో హ్యాచరీ చేపలను వదలడం మానేసింది.

ఈ సాక్ష్యాలన్నీ హ్యాచరీకి వ్యతిరేకమని చదవడం మామూలు. నాకు అవి ఇంకోలా కనిపిస్తాయి. గ్రీన్ నది, సియెరా, మాడిసన్ మూడింటిలోనూ హాని జరిగింది అప్పటికే అక్కడ బతుకుతున్న ప్రాణిని తోసేసి కొత్త చేపను కూర్చోబెట్టడం వల్ల. మొంటానా నదుల్లో ఆపింది గానీ చెరువుల్లో వదలడం ఆపలేదు. ఆ తేడాను అందరూ పట్టించుకోవాలి. మిన్నెసోటా నడుమ కుయునా ప్రాంతంలో ఇనుప ఖనిజం తవ్వి వదిలేసిన గోతులున్నాయి. తవ్వకం ఆగాక వాటిలో ఊట ఊరి, లోతైన, తేటైన, చల్లటి నీరు నిండింది. నూరేళ్ళ కిందట అక్కడ చెరువే లేదు, కాబట్టి అక్కడ ట్రౌట్‌ను వదిలితే తరతరాలుగా ఉన్న జీవిని వెళ్ళగొట్టినట్టు కాదు. మనిషి గాయం చేసిన చోట నిండిన నీటికి మనిషే ఒక చేపను ఇచ్చాడు. ఏటి ట్రౌట్ చెరువుల్లో బతికున్న చిన్నచేపలను ఎరగా వాడకూడదన్న మిన్నెసోటా నియమం కూడా ఈ జాగ్రత్తలో భాగమే. మిగిలిన ఎరను ఎవరైనా రంధ్రంలో పారబోస్తే ఆ చిన్నచేపలు పిల్లలు పెట్టి చెరువంతా నిండిపోతాయి, ట్రౌట్‌కు తిండి మిగలదు. అలా నిండిన చెరువుల్ని ఒకప్పుడు రోటెనోన్ పోసి 'శుభ్రం' చేశారు. దాన్ని నేను సమర్థించను. విషం పోస్తే గానీ ట్రౌట్ నిలవని చెరువు ట్రౌట్ చెరువు కాదనే ఒప్పుకోవాలి.

మూసిన చెరువైనా హాని సున్నా కాదు. మిన్నెసోటాలోని ట్విన్ సిటీస్ అనే జంటనగరాలకు తూర్పున స్క్వేర్ లేక్ అనే తేటనీటి సరస్సుంది. అక్కడ వదిలిన ట్రౌట్ డాఫ్నియా అనే నీటిపురుగును తినేస్తోందని, నాచును మేసి నీటిని తేటగా ఉంచేది ఆ పురుగేనని అనుమానం వచ్చి, చేపలు వదలడం ఆపి పరీక్షించారు. నాకు ఇది ఓటమిగా అనిపించదు. వదలడం మనిషి చేతిలో ఉంది కాబట్టే ఆపడం కూడా మనిషి చేతిలో ఉంది, చేప అక్కడ సంతానం పెట్టదు కాబట్టి ఆపితే నిజంగా ఆగుతుంది. నదిలో వదిలిన చేపను వెనక్కి పిలవలేం. గుడ్డు ఫలదీకరణ జరిగిన కొద్దిసేపటికి వేడితోనో ఒత్తిడితోనో తట్టి గొడ్డు చేపలను తయారుచెయ్యడం ఇప్పుడు చాలా హ్యాచరీల్లో అలవాటయింది. వరదకు చెరువు గట్టు పొర్లినా అవి ఏటి ట్రౌట్‌తో కలిసి సంకరం చెయ్యవు. రోగం మాత్రం ఈ రక్షణకు లొంగదు. 2016లో కెనడాలోని బాన్ఫ్ నేషనల్ పార్క్‌లో జాన్సన్ లేక్ చేపల్లో, పిల్లచేప వెన్నును వంకర తిప్పి గిరగిర తిరిగేలా చేసే పరాన్నజీవి బయటపడింది, కెనడాలో అదే మొదటిసారి. చేపను ఒక నీటి నుంచి ఇంకో నీటికి మోసే ప్రతి లారీ మీదా నిఘా ఉండాలనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

ఖర్చు సంగతి చెప్పాలి. ట్రౌట్ మాంసాహారి, దాని మేతలో సముద్రపు చిన్నచేపల పిండి ఉంటుంది. ఇది పూర్తిగా జవాబు చెప్పలేని అభ్యంతరం, మేతలో చేపపిండిని తగ్గించే పని సాగుతోందని మాత్రం చెప్పగలను. డబ్బు విషయంలో జవాబుంది. 1950లో వచ్చిన డింగెల్-జాన్సన్ చట్టం ప్రకారం గాలాలు, కర్రలు తయారుచేసేవాళ్ళ దగ్గర వసూలు చేసిన పన్ను రాష్ట్రాల మత్స్యశాఖలకు వెళ్తుంది. లైసెన్సు సొమ్మును వేరే పనులకు మళ్ళించిన రాష్ట్రానికి అది దక్కదు. మిన్నెసోటాలో ట్రౌట్ పట్టేవాడు లైసెన్సు మీద ట్రౌట్ స్టాంపు కూడా కొనాలి. పట్టేవాళ్ళ డబ్బుతోనే చాలావరకు చేప పెరుగుతోంది. మన ఊరి చెరువు చేప బెస్తవాళ్ళకు, ముదిరాజులకు బతుకుతెరువు కదా, అక్కడ కాలక్షేపమేగా అనేవాళ్ళకు నేను చెప్పేది ఇది. వేసవిలో అక్కడి సరస్సు పడవున్నవాడిది, ఒడ్డున ఇల్లున్నవాడిది. జనవరిలో నీరు గట్టిపడ్డాక అదే సరస్సు మధ్యదాకా ముసలివాళ్ళూ, స్లెడ్డు లాక్కుంటూ పిల్లలూ, కిందటేడే హైదరాబాదు నుంచి వచ్చి ఇంకా చలికి అలవాటుపడని కుటుంబమూ నడిచి వెళ్ళగలరు. ఊరి పక్క చిన్న చెరువులో ఒక మంచి చేప దొరుకుతుందన్న ఆశ లేకపోతే ఆ నడక ఉండదు. నీటికి ఇంత దగ్గరగా వచ్చినవాళ్ళే దాని తేటదనం గురించి అడుగుతారు.

కానీ ఆ నడకకు ఆధారమైన మంచే పలచబడుతోంది. విస్కాన్సిన్‌లో మాడిసన్ పట్టణం పక్కన ఉన్న మెండోటా సరస్సు ఎప్పుడు గడ్డకట్టిందో ఎప్పుడు కరిగిందో 19వ శతాబ్దం నడిమి నుంచి రాసిపెట్టారు. అప్పటికీ ఇప్పటికీ మంచు నిలిచే కాలం దాదాపు ఒక నెల తగ్గింది. 2023 డిసెంబరు చివర్లో మిన్నెసోటాలోని అప్పర్ రెడ్ లేక్ మీద మంచుపలక విడిపోయి వందమందికి పైగా వేటగాళ్ళు నీళ్ళ మధ్య చిక్కుకుపోతే రక్షించాల్సి వచ్చింది. నడవడానికి కనీసం నాలుగంగుళాల కొత్త, నల్లటి, తేటైన మంచు ఉండాలి. తెల్లటి మంచుకు సగం బలమే కాబట్టి రెట్టింపు మందం కావాలి. ఊటలున్న చోట, గాలి గొట్టాలతో నీటిని కదిలించే చోట ఈ లెక్కలూ పనికిరావు, అడుగడుగునా ఉలితో పొడిచి చూసుకోవాల్సిందే. ఇంతమాత్రానికి ప్రాణం పణంగా పెట్టాలా అని అడిగేవాళ్ళది న్యాయమైన ప్రశ్న. పెట్టనక్కర్లేదు. ఈ చెరువులు చిన్నవి, కుయునా గోతుల్లాంటి చల్లటి లోతు నీళ్ళలో ట్రౌట్ వేసవిలోనూ బతుకుతుంది. మంచు మూడంగుళాలే ఉన్న రోజున బరమా సంచిలోనే ఉంచి ఇంటికి వెళ్ళినవాడి చేప ఎక్కడికీ పోదు. మే నెలలో మళ్ళీ వేట తెరిచాక, అదే చెరువు ఒడ్డున చొక్కా చేతులు మడుచుకుని నిలబడితే అది అక్కడే ఉంటుంది, ఇంకో రెండంగుళాలు పెరిగి.