జీన్స్ గుడ్డ కప్పిన నంబరు

పోయిన ఏడాది దసరా సెలవుల్లో మా ఇంట్లో కారు అమ్మాలని తీర్మానం అయింది. పెద్ద కారేం కాదు, 2014లో కొన్న తెల్ల వ్యాగన్ఆర్. మా నాయన కౌల్ బజార్ దగ్గర జీన్స్ ప్యాంట్లు కుట్టించే చిన్న యూనిట్ నడుపుతాడు. బళ్లారిలో ఆ పని మీద బతికే ఇళ్లు ఎన్నో మన క్లాసులో చేతులెత్తమంటేనే తెలిసిపోతుంది. ఆర్డర్లు తగ్గినాయి. రెండు మిషన్లు మూలకు చేరినాయి. నా ఫీజూ, తమ్ముడి ఫీజూ ఒకే నెలలో వచ్చి పడినాయి. కారేమో ఇంటి ముందు దుమ్ము కొట్టుకొని నిలబడి ఉంది. ఎటు లెక్క వేసినా దాన్ని అమ్మడమే సరి అనిపించింది. ఎవరమూ ఏడవలేదు. అమ్మ మాత్రం ఎవరూ చెప్పకముందే డ్యాష్‌బోర్డు మీది వినాయకుణ్ణి తీసి దేవుని గూట్లో పెట్టింది.

ఫోన్లో ప్రకటన పెట్టే పని నాకు అప్పజెప్పినారు. కారు కడిగి, ఫోటోలు తీద్దామని వంగితే వెనకనుంచి నాయన గొంతు.

"పాపా, నంబరు కనపడకుండా తియ్యి."

"ఏంటికి నాయనా?"

"అందురూ అట్లే తీస్తారు. తియ్యమంటే తియ్యి."

అది నిజమే. పాత కార్ల ప్రకటనలు చూడండి. కొందరు బొటనవేలు అడ్డం పెట్టి తీస్తారు. కొందరు నంబరు మీద పేపరు అంటిస్తారు. కొందరు ఫోటో తీశాక ఫోన్లోనే నల్లగా గీకేస్తారు. ఒకాయన ఏకంగా రెండు అరటిపండ్లు పెట్టినాడు. పండ్లూ అమ్మకానికేనా అని మా తమ్ముడు ఒకటే నవ్వు. అప్పటిదాకా నాకు ఒక గట్టి నమ్మకం ఉండేది. నంబరు దాచినవాడు ఏదో దాస్తున్నాడని.

ఆ నమ్మకం ఊరికే రాలేదు. అంతకు మూడేళ్ల ముందు మా చిన్నాయన ఒక కారుకు అడ్వాన్సు ఇచ్చి చెయ్యి కాల్చుకున్నాడు. ఫోటోల్లో నంబరు లేదు. ఫోన్లో అడిగితే "వచ్చి చూడండి సార్, బండి అద్దంలాగుంది" అన్నారు. పోయి చూస్తే బండి నిజంగా అద్దంలాగే ఉంది. ఇంటికొచ్చి తీరిగ్గా ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి చూసుకుంటే కారు మీద అప్పు ఇంకా తీరలేదు. పైగా "ఫస్ట్ ఓనర్" అన్న మనిషి మూడో ఓనరు. అడ్వాన్సులో సగం వెనక్కి రాబట్టడానికే నాలుగు నెలలు తిరిగినాడు. అంటే ఆ అమ్మినవాడు నంబరు దాచింది దొంగల భయంతో కాదు, మా చిన్నాయన భయంతో.

ఆ యాప్‌లో నంబరు కొడితే ఏమేం కనిపిస్తాయో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. బండి ఎప్పుడు రిజిస్టరు అయింది, ఏ ఆఫీసులో, పెట్రోలా డీజిలా, ఇన్సూరెన్సు ఎప్పటిదాకా ఉంది, అప్పు ఇచ్చినవాళ్లెవరు, అన్నీ వరుసగా వస్తాయి. యజమాని పేరు మాత్రం అక్కడక్కడా చుక్కలు పెట్టి చూపిస్తుంది. కొనేవాళ్లకు ఇది జాతకం చూపించుకున్నట్టే. అందుకే జాతకం బాగాలేనివాళ్లు నంబరు మూసిపెడతారు. ఇంకొకటి, నంబరులో ఊరు కూడా ఉంటుంది. కేఏ 34 అంటే బళ్లారి, 35 అంటే హోస్పేట. మనది సరిహద్దు ఊరు కాబట్టి గుంతకల్లు, అనంతపురం వాళ్లు కూడా ఫోన్లు చేస్తారు. కేఏ అని ముందే కనిపిస్తే వాళ్లు ఫోనే చెయ్యరు. ఇక్కడి ఆర్‌టీఓ దగ్గర ఎన్‌ఓసీ తీసుకోవాలి, అక్కడ మళ్లీ ట్యాక్సు కట్టాలి, ఎవరికి ఓపిక? ముందు ఫోన్ చేయిద్దాం, సంగతి తర్వాత చెబుదాం అని అమ్మేవాళ్లు రాష్ట్రాన్నే దాచేస్తారు.

మాది అప్పు లేని బండి. మొదటి ఓనరు మా నాయనే. ఇక్కడే పుట్టి ఇక్కడే తిరిగిన బండి. మరి మాకేం దాపరికం?

రాత్రి తమ్ముడు ఇంకొక సంగతి చెప్పినాడు. మన కారు లాంటిదే, అదే రంగు, అదే మోడల్ ఒక దొంగ బండి ఉందనుకో. వాడికి కావలసింది అలాంటి కారుదే నిజమైన నంబరు ఒకటి. ప్రకటనలో మోడలు, ఏడాది, రంగు, నంబరు అన్నీ ఒకే చోట పళ్లెంలో పెట్టినట్టు దొరుకుతాయి. ఆ నంబరు రాయించుకొని వాడు తిరిగితే చలానాలు మన ఇంటికొస్తాయి. నాకు నమ్మకం కుదరలేదు. మన కారు రోజూ మోతీ సర్కిల్ మీదుగా నంబరు వేసుకొనే తిరిగింది కదా, అప్పుడు ఎవరూ చూడలేదా అన్నాను. "చూసినారు, మరిచిపోయినారు" అన్నాడు వాడు. ఆ మాట నాకు నచ్చింది. రోడ్డు మీద నంబరు ఒక్క క్షణం కనపడి పోతుంది. ప్రకటనలో అయితే మన ఫోన్ నంబరు పక్కన, మన పేట పేరు పక్కన, ధర పక్కన కూర్చొని ఎవరొచ్చి వెతికినా దొరుకుతుంది. ఇప్పుడు కొత్త హై సెక్యూరిటీ ప్లేట్లు వచ్చినాయి. హోలోగ్రాము ఉంటుంది, లేజరుతో చెక్కిన నంబరు ఉంటుంది, ఒకసారి బిగిస్తే ఊడదీయకుండా లాకు ఉంటుంది. ఇదంతా నకిలీ ప్లేట్లు ఆపడానికే కదా. అంటే తమ్ముడి భయం ఉత్త భయం కాదు.

కానీ మా నాయన భయం అది కూడా కాదని నాకు రెండో రోజు తెలిసింది.

నంబరు కప్పడానికి నేను ఇంట్లో చేతికి దొరికింది వాడినాను. మా ఇంట్లో చేతికి దొరికేది ఇంకేముంటుంది, జీన్స్ గుడ్డ. ముదురు నీలం ముక్క, అంచు ఓవర్‌లాక్ కొట్టి, నారింజ దారంతో రెండు వరుసల కుట్టు. మా యూనిట్ జేబుల మీద వేసే కుట్టే అది. ప్లేటుకు సరిగ్గా సరిపోయింది. ఫోటోల్లో ముచ్చటగా కూడా ఉంది.

మర్నాడు పొద్దున్నే గుంతకల్లునుంచి మా అత్త ఫోన్. అత్త కొడుకు పాత కారు వెతుకుతున్నాడంట. ప్రకటనలు చూస్తూ చూస్తూ మా దాని దగ్గర ఆగినాడు.

"ఏమే పాపా, ఆ నీలం గుడ్డ మీ యాపారందే కదా? నారింజ కుట్టు చూస్తానే అనుకుంటి. మీ నాయన కారు అమ్ముతాండాడా? మాకు ఒక్క మాట చెప్పకూడదా?"

ఫోన్ స్పీకర్లో ఉంది. నాయన టీ గ్లాసు కింద పెట్టి అంగడికి వెళ్లిపోయినాడు. అప్పుడు అర్థమైంది. ఆయన నంబరు దాచమన్నది దొంగలనుంచి కాదు, కొనేవాళ్లనుంచి కాదు, చుట్టాలనుంచి. ఆ నంబరు మా వాళ్లందరికీ నోటికొచ్చు. ఇక్కడ రాయను గానీ, కూడితే 9 వస్తుంది. కారు తెచ్చిన రోజు నాయన వేళ్లమీద కూడి చూసుకొని అందరికీ మైసూర్‌పాకు పంచినాడు. పెళ్లికో పేరంటానికో పోతే మండపం ముందు ఆ నంబరు చూసి "బళ్లారోళ్లు వచ్చినారు" అనేవాళ్లు. ఇప్పుడు అదే నంబరు, కింద ధర వేసి, బేరమాడవచ్చు అని రాసి ఉంటే ఏమనుకుంటారు?

నేను దాచినవాళ్లందరినీ ఒకే గాటన కట్టినాను. చిన్నాయనను ముంచినవాడూ గుడ్డే కప్పినాడు, మేమూ గుడ్డే కప్పినాం. ఫోటో చూసి ఎవరు ఎవరో చెప్పడం ఎట్లా? నాకు తోచిన తేడా ఒక్కటే. ఫోన్ చేసి నంబరు అడిగినప్పుడు ఏం చెప్తారు అని. మాకు వచ్చిన ఫోన్లలో పనికొచ్చే ప్రతివాడూ మొదట అడిగింది అదే. నేను వెంటనే చెప్పినాను. ఫోటోలో మూసినా, అడిగితే చెప్పకపోతే మాత్రం ఆ బేరం వదులుకోవడం మంచిదని మా చిన్నాయన కూడా ఇప్పుడు అంటాడు.

చివరికి హోస్పేటలో పాత కార్లు కొని అమ్మే ఒకాయన తీసుకుపోయినాడు. అడిగిన దానికన్నా తక్కువే ఇచ్చినాడు, అది వేరే కథ. ఫారం 29, ఫారం 30 మీద నాయన చేత సంతకాలు పెట్టించుకున్నాడు. తేదీ వేయలేదు. కొనేవాడు దొరికినాక వేసుకుంటా అన్నాడు. పోనీలే అని మేం ఊరుకున్నాం. అమ్మ ఒక్కతే పట్టుబట్టి, ఏ రోజు ఏ టైముకు కారు అప్పజెప్పినామో కాగితం మీద రాయించి, ఆయన ఆధార్ జిరాక్సు పెట్టించుకొనింది.

సంక్రాంతి ముందు నాయన ఫోనుకు మెసేజ్ వచ్చింది. మా కారు నంబరు వేసి, చలానా కట్టమని. నకిలీ చలానా మెసేజ్‌లు తిరుగుతున్నాయి, నిజమైన బండి నంబరు వేసి లింకు పంపుతారు, నొక్కితే ఫోనులోకి దొంగ యాప్ దిగుతుంది అని పేపర్లలో వచ్చింది కదా. నాయన దాన్ని తుడిచేసినాడు. వారానికి ఇంకొకటి. అప్పుడు నేను లింకు జోలికి పోకుండా ప్రభుత్వ వెబ్‌సైట్లోకి నేనే పోయి చూసినాను. నకిలీ కాదు. బెంగళూరులో సిగ్నల్ దాటినందుకు. కింద కెమెరా తీసిన ఫోటో. మా కారే. వెనక అద్దం మీద తమ్ముడు అంటించిన ఆర్‌సీబీ స్టిక్కరు అట్లే ఉంది. నంబరు ఏ గుడ్డా లేకుండా, ప్రతి అంకె స్పష్టంగా ఉంది. పేరు మా నాయనది.

నాయన ఆ ఫోటో చాలాసేపు చూసి "బెంగళూరు పోయిందా" అన్నాడు. అంతే.

నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను ప్రకారం, అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లోపల అమ్మినవాళ్లే ఆర్‌టీఓకు తెలపాలంట. కొన్నవాళ్లకు 30 రోజులు. మేం ఏమీ చెయ్యలేదు. జరిమానాతో పోతే పర్వాలేదు. చేతులు మారుతూ పోయిన ఒక కారు కేసులో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు చదివినాను. ఆర్‌సీలో ఎవరి పేరు ఉంటే ప్రమాదానికి నష్టపరిహారం బాధ్యత వాళ్లదే, ఎప్పుడో అమ్మేసినాం అంటే కుదరదు అని. మా కారు బెంగళూరులో సిగ్నళ్లు దాటుకుంటూ మా నాయన పేరు మీద తిరుగుతోంది. ఫోటోలో నంబరు కప్పడానికి అరగంట పట్టింది నాకు. ఈ కాగితం మీద ఐదు నిమిషాలు పెట్టలేదు.

హోస్పేట ఆయన ఫోన్ చేసిన ప్రతిసారీ "మాడిస్తీని అణ్ణా" అంటాడు. చేయించడు. చివరికి నేనూ నాయనా అమ్మ దాచిన ఆ కాగితం, జిరాక్సు తీసుకొని ఆర్‌టీఓ ఆఫీసుకు పోయినాం. రెండు రోజులు తిరిగినాం. ఒక కౌంటరు దగ్గరనుంచి ఇంకొక కౌంటరుకు. కారు ఎవరికి, ఎప్పుడు ఇచ్చినామో రాసి ఇచ్చి, ముద్ర వేయించుకున్నాం. ఆ ముద్ర పడిన కాపీ ఫోటో తీసి హోస్పేటకు పంపిస్తే అప్పుడు కదిలినాడు.

మార్చిలో ఒక సాయంత్రం అలవాటుగా యాప్‌లో నంబరు కొట్టినాను. అదే నంబరు, అదే తెల్ల వ్యాగన్ఆర్. పేరు దగ్గర ఎప్పుడూ ఉండే మా నాయన మొదటి అక్షరం లేదు. వేరే అక్షరం, దాని వెనక చుక్కలు. నాయనకు చూపించినాను. కళ్లద్దాలు పెట్టుకొని, ఆ చుక్కలు వేలితో లెక్కపెట్టి, "పెద్ద పేరే ఉన్నట్టుంది" అన్నాడు.