మధుపానం, తాగుడు

పోయిన ఆదివారం ఇక్కడ ఏం రాయలేదు. "అక్కా, బాగున్నవా?" అని ఐదారుగురు మెసేజ్ పెట్టిన్రు. బాగనే ఉన్న. ఊర్ల లేనంతే. నేనూ నా సహచరుడూ రెండు రోజులు నాసిక్ పోయొచ్చినం. కాలేజీల అడిగినోళ్లకు "కాలారామ్ మందిరం చూద్దామని పోయినం" అని చెప్పిన. అది అబద్ధం కాదు, సగం నిజం. మిగిలిన సగం స్టాఫ్ రూంల చెప్పనీకి నోరు రాలేదు. ఇక్కడ చెప్తున్న. మేం పోయింది ద్రాక్షతోటలకు, వైన్ రుచి చూడనీకి.

ఇది చదివి కొందరు మిత్రులు ముఖం చిట్లిస్తరని తెలుసు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌ల బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్ల మద్యం ముట్టనన్నది ఒకటి. మాది పంచశీల చదువుకొని చేసుకున్న పెండ్లి. ఐదో శీలం ఏందో నాకు గుర్తు చేయాల్సిన పనిలేదు. అయినా ఎందుకు పోయినమో చెప్త. తర్వాత తిట్టాలనుకుంటే తిట్టుండ్రి.

మొదలు క్లాస్‌రూంల అయ్యింది. డిగ్రీ పిల్లలకు ప్రబంధ లక్షణాలు చెప్తున్న. అష్టాదశ వర్ణనలు బోర్డు మీద రాసిన. నగరం, సముద్రం, శైలం, ఋతువులు, చంద్రోదయం, సూర్యోదయం, ఉద్యానవనం, జలక్రీడ, మధుపానం... ఆడికొచ్చేసరికి వెనుక బెంచీల ఒక అమ్మాయి లేచి, "మేడం, మధుపానం అంటే తాగుడేనా?" అని అడిగింది. క్లాసంతా నవ్వింది. ఆ అమ్మాయి నవ్వలేదు. ఆమెదీ బాయి బస్తీనే. నేను గబుక్కున, "కాదమ్మా, అది శృంగార వర్ణనల ఒక భాగం" అన్న. ఆమె కూసున్నది. నేను పద్దెనిమిదీ పూర్తి చేసి బయటికొచ్చిన.

ఆ జవాబు నన్ను పదిరోజులు పీక్కతిన్నది. పీహెచ్‌డీ చేసిన మనిషిని, ఎంత శుభ్రంగ అబద్ధం చెప్పిన! రాజు తాగితే కావ్యానికి అలంకారం, పద్దెనిమిదిల ఒకటి. మా నాయన తాగితే తాగుబోతు. ఈ తేడాను నేనే చాక్‌పీస్ పట్టుకొని బోర్డు మీద రాసి పిల్లలతో నోట్స్ రాయిస్తున్న.

మా నాయన సింగరేణిల ఫిల్లర్. బొగ్గు నింపుడే పని. మా బస్తీల "క్వార్టర్" అంటే రెండు అర్థాలు. ఒకటి కంపెనీ ఇచ్చిన ఇల్లు, ఇంకోటి సీసా. ఫస్ట్ షిఫ్ట్ దిగినంక నాయన ముందు ఏ క్వార్టర్‌కు పోతడన్న దాన్నిబట్టి మా ఇంట్ల ఆ రాత్రి తేలేది. జీతాల రోజు అమ్మ గేటు దగ్గర నిలబడేది. ఆమె ఒక్కతే కాదు, బస్తీ ఆడోళ్లందరూ. లోపల పైసలు తీసుకునేటోళ్ల లైను, బయట వాళ్ల పెండ్లాల లైను. మధ్యల ఉద్దెర ఖాతా బుక్కు పట్టుకొని సారా దుకాణపోడు.

80లల్ల సర్కారే సారాను ప్యాకెట్ల పోసి అమ్మించింది. ఆ పథకం పేరు వారుణి వాహిని. సంస్కృతంల వారుణి అంటే మద్యమే. కూలోళ్లకు అమ్మే సారాకు కావ్యాలల్లకెంచి పేరు వెతికి తెచ్చిన ఆ ఆఫీసరెవరో గానీ, తెలుగు సాహిత్యం బాగ చదువుకున్నోడే అయ్యుండాలె. 1992ల నెల్లూరు జిల్లా దూబగుంటల రోశమ్మ, ఆమె ఎంట ఆడోళ్లు లేచిన్రు. 1993 అక్టోబర్ 1 నుంచి సారా బంద్ అయ్యింది. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997ల పోయింది. ఆ రోజుల్ల మా బస్తీల చీపుర్లు పట్టుకొని దుకాణం ముందట కూసున్న ఆడోళ్లల్ల మా అమ్మ ఉండె. నేను ఆమె పక్కన పలక పట్టుకొని కూసున్న. అట్లాంటి అమ్మ బిడ్డను కాబట్టే ముప్పై ఆరేండ్లొచ్చినా నాలుక మీద ఒక్క చుక్క పెట్టుకోలేదు. భయం ఒకటి. ఇంకోటి, "వాళ్లు తాగుతరు" అనే మాట నా మీద పడొద్దని. యూనివర్సిటీ హాస్టల్‌ల పార్టీ అయితే నేను మంచినీళ్ల సీసా చేతిల పట్టుకొని అందరికీ కనబడేటట్టు తిరిగేదాన్ని.

మా నాయనమ్మకు ఈ బాధే లేకుండె. పోచమ్మ పండుగనాడు తాటిరేకల కల్లు పోయించుకొని అందరి ముందట తాగేది. పాట ఎత్తుకునేది. చదువుకున్న మనుమరాలినైన నేను సిగ్గుతోటి ఇంట్లకు ఉరికేదాన్ని. ఆమెకు రాని సిగ్గు నాకెక్కడికెంచి వచ్చింది? మా చుట్టాలల్లకెంచైతే రాలేదు.

ఇదంతా చెప్పుకుంటుంటే నా సహచరుడు, "పెండ్లిరోజు వస్తుంది గదా, ఆ మధుపానం ఎట్లుంటదో చూసొద్దాం పా" అన్నడు. నవ్వుతాలకు అన్నడనుకున్న. నాసిక్‌ల జనవరి నుంచి మార్చి దాకా ద్రాక్ష కోతలని, అప్పుడే పండుగలు చేస్తరని ఆయనే చదివి చెప్పిండు. క్యాలెండర్ చూస్తే మార్చి 2 ఆదివారం. 1930ల కాలారామ్ సత్యాగ్రహం మొదలైంది కూడా మార్చి 2నే. ఇంక ఆగలేదు. బస్సుల నిజామాబాద్, అక్కడికెంచి దేవగిరి ఎక్స్‌ప్రెస్. తెల్లారకముందే నాసిక్ రోడ్ స్టేషన్‌ల దిగినం.

నాసిక్ ముందునుంచీ తినే ద్రాక్షకు పేరున్న జిల్లా. వైన్ కథ కొత్తది. అమెరికాల ఉద్యోగం ఇడిసిపెట్టొచ్చిన రాజీవ్ సామంత్ గంగాపూర్ డ్యామ్ పక్కన తమ కుటుంబం భూమిల సులా వైన్‌యార్డ్స్ పెట్టింది 90ల చివర్ల. 2001ల మహారాష్ట్ర సర్కారు వైన్ పరిశ్రమ కోసమే ప్రత్యేక పాలసీ తెచ్చింది. 2008 నుంచి సులాఫెస్ట్ అని పాటల పండుగ నడిచింది. 2022 జనవరిల వైన్‌ను సూపర్ మార్కెట్లల్ల అమ్ముకోవచ్చని క్యాబినెట్ తీర్మానం చేసింది, ద్రాక్షరైతుకు మేలైతదని చెప్పి. రైతుకు మేలైతే నాకేం బాధ లేదు. కానీ ఇదే నేల మీద 1892ల బ్రిటిషోళ్లు మౌరా యాక్ట్ అని చట్టం తెచ్చి, అడివిల రాలిన ఇప్పపువ్వును ఏరి దాచుకునుడు మీద ఆంక్షలు పెట్టిన్రు. అది ఆదివాసుల తిండి, వాళ్ల పానం కూడా. ఒక పండుకు పాలసీ, ఒక పువ్వుకు పోలీసు.

మేం పోయింది పెద్ద తోటకు కాదు, ఊరి బయట చిన్నది. టికెట్ కొనుక్కొని పోయినం. నెత్తిన గడ్డిటోపీలు, గిటార్ పాట, పెద్ద కట్టె తొట్టిల ద్రాక్షగుత్తులు పోసి, ప్యాంట్లు మడిచి తొక్కుతున్న జంటలు. ఆడోళ్లు, మగోళ్లు పక్కపక్కన కూసొని తాగుతున్నరు. ఎవరూ ఎవరినీ కొడతలేరు. నేను చాలాసేపు అదే చూసిన. మగోని చేతిల గ్లాసు చూస్తే నా కండ్లు వాని రెండో చేతిని వెతుకుతయి, చిన్నప్పటి అలవాటు.

టేస్టింగ్ అంటే ఆరు గ్లాసులు, ఒక్కోదాంట్ల రెండు గుటకలు. చెప్పే పిలగాడు మర్యాదస్తుడు. గ్లాసును కాడ పట్టుకొని పట్టుకోవాలె, చెయ్యి వేడి తగలొద్దు. ముందు రంగు చూడాలె, తిప్పాలె, వాసన పట్టాలె, తర్వాత నాలుక మీద ఉంచుకోవాలె. ఇండ్ల జామకాయ ఉన్నది, ఇండ్ల మిరియం ఉన్నది, ఇండ్ల తడిసిన రాయి వాసన ఉన్నది అని చెప్పుకుంట పోయిండు. "ఇది తాగుడు కాదు మేడం, రుచి చూసుడు" అన్నడు హిందీల. సరిగ్గ నేను క్లాసుల చెప్పిన జవాబే!

అప్పుడు నాయన గుర్తుకొచ్చిండు. సెలవుల్ల మమ్ముల ఊరికి తీస్కపోయినప్పుడు కల్లు నోట్లేసుకొని చెప్పేటోడు. ఇది పోతుతాడుది, ఇది పండుతాడుది. ఇది పొద్దుగాల గీసింది, ఇది నిన్నటి లొట్టి కడగకుంట పోసింది. ఇది ఈతకల్లు, చెరువు కింది చెట్లది. ఇండ్ల మందు కలిపిన్రు, ముట్టకుండ్రి. ఒక్కసారి తప్పు చెప్పినట్టు నాకు గుర్తులేదు. ఆ నాలుకకు ఎవడు సర్టిఫికెట్ ఇచ్చిండు? అదే మండువల ఆయనకు లొట్టి ముట్టే హక్కు లేకుండె. ఇంత దూరం కూసుంటే రేకలకు పైనుంచి ఒంపేటోళ్లు. అందుకే కల్లు మండువను స్వర్గం చేసి రాసే కవిత్వం చూస్తే నాకు ఒళ్లు మండుతది.

నేను సంబరంగ నా సహచరుని దిక్కు తిరిగి, "మా నాయన కూడా ఈ పిలగాని కంటే తక్కువేం కాదు, ఆయనకు బల్లా గ్లాసూ లేకుండె అంతే" అన్న. ఆయన తాగలేదు, గ్లాసు వాసన చూసి పక్కన పెట్టిండు. మెల్లగ అన్నడు: "ఈ మాట మీ అమ్మ ముందట అంటవా?"

నా దగ్గర జవాబు లేకుండె. అనలేను. నాయనకు రుచి తెలుసన్నది నిజం. ఆయన రుచికి అమ్మ దవడ పన్ను ఊడిందన్నది కూడా నిజం. రాజుల మధుపానాన్ని పట్టుకొని కులం గురించి ఎంతైనా మాట్లాడొచ్చు, నేను మాట్లాడుత కూడా. కానీ ఆ వాదనల నాయనను గెలిపించుకునే తొందర్ల అమ్మను మళ్ల గేటు బయట నిలబెడుతున్ననా?

బల్ల మీద ఒక పాత్ర ఉన్నది. రుచి చూసి అండ్ల ఉమ్మెయ్యొచ్చని చెప్పిన్రు, మత్తెక్కకుండ. ఉమ్మనీకి పాత్ర! పీష్వాల పూణెల అంటరానోళ్లు ఉమ్మి కింద పడకుండ మెడకు ముంత కట్టుకొని తిరగాల్నని 'కులనిర్మూలన'ల బాబాసాహెబ్ రాసిన సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. మొదటి గ్లాసు గుటక నేను ఆ పాత్రల ఉమ్మిన. రెండోది మింగిన. అవును, మింగిన. పుల్లగ, వగరుగ ఉన్నది. జామకాయ నాకు దొరకలేదు. మిగిలిన నాలుగు గ్లాసులు అట్లనే ఇడిసిపెట్టినం.

బయట తోటల కోతలు నడుస్తున్నయి. గుత్తులు కోసే ఒకామె నీడల కూసొని రొట్టె తింటున్నది. పేఠ్ దిక్కునుంచి వచ్చిన ఆదివాసీ మనిషి. వచ్చీరాని హిందీల మాట్లాడుకున్నం. "ఈ వైన్ ఎప్పుడన్న తాగినవా?" అని అడిగిన. నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. వాళ్లది మోహ అని చెప్పింది. మోహ అంటే మన ఇప్పసారనే. ఉట్నూర్ దిక్కు కూడా ఇప్పచెట్లున్నయని చెప్తే, మీ దగ్గర పువ్వు ఎప్పుడు రాలుతదని అడిగింది. ఆ ఒక్క ముచ్చటకు పోయిన పైసలు గిట్టినయి.

మర్నాడు పొద్దుగాల పంచవటి. కాలారామ్ గుడి నల్లరాతి గుడి. 1930ల దాని నాలుగు దర్వాజల ముందట మగోళ్లతోటి ఆడోళ్లు కూడా కూసున్నరు. గుడి తలుపులు మూసుకున్నరు గానీ తియ్యలేదు. దాదాసాహెబ్ గైక్వాడ్ లాంటోళ్లు ఏండ్లకేండ్లు ఆ పోరాటాన్ని ఈడ్చుకొచ్చిన్రు. ఇప్పుడు ఎవరైనా పోవచ్చు. మాకు దేవునితోటి పనిలేదు. పోయేముందు లాడ్జిల మూడుసార్లు నోరు కడుక్కున్న. గుడి కోసం కాదు, ఆ దర్వాజ బయట ఎండల కూసున్న ఆడోళ్ల కోసం. ముందురోజు ఒక్క గుటక. అయినా కడుక్కున్న.

సీసా ఏం కొనలేదు. అమ్మకు రెండు కిలోల కిస్మిస్ తెచ్చిన. ఆమె చేతుల పెట్టి, ఎక్కడికి పోయినమో, ఏం చేసినమో దాచకుండ చెప్పిన. తిడుతదనుకున్న. చేటల కిస్మిస్ పోసి కాడలు ఏరుకుంట అడిగింది: "ఎట్లున్నది?"

"పుల్లగ ఉన్నది. వగరు."

"వాసన?"

వాసన గురించి ఎందుకు అడుగుతుందో నాకు సమజ్ కాలేదు. ఆమెనే చెప్పింది. "నాకు వాసనే తెలుసు బిడ్డా. మీ నాయన గల్లీ మలుపు తిరిగితే చెప్పేదాన్ని. కల్లు తాగొచ్చిండంటే నవ్వుకుంట వస్తడు, బువ్వ పెట్టొచ్చు. సారా అయితే పిల్లల్ని పక్కింట్లకు పంపాలె. గుడుంబా అయితే నేను కూడా పోవాలె. బ్రాందీ అయితే ఎవడో తాపిండు, అప్పు చేసిండు, పొద్దుగాల చూసుకోవచ్చు." వేలి మీద లెక్క పెట్టుకుంట చెప్పింది. ఆ తోటల పిలగాడు చెప్పినట్టే, ఒకటొకటి.

నోట్ల ఒక కిస్మిస్ ఏసుకొని, "తీపున్నయి, డబ్బాల పోస్త" అని లోపలికి పోయింది.

రేపు క్లాసుల ఆ అమ్మాయిని లేపి, ఆమె ప్రశ్నకు జవాబు మళ్ల చెప్పాలె. వచ్చేటప్పుడు మన్మాడ్‌ల దిగి యేవలా పోయినం, 1935 అక్టోబర్ 13న బాబాసాహెబ్ హిందువుగ చావనని చెప్పిన జాగ. ఆ ముచ్చట వచ్చే ఆదివారం.

జై భీమ్.