కోడిగుడ్డయిన సున్నా

పొద్దున్నే నా లినక్స్ కంప్యూటర్ తెరిస్తే సున్నా కోడిగుడ్డయి కూర్చుంది. ఠ, ర, గ అన్నీ పక్కలకు ఒళ్ళు చేసి, పెళ్ళిభోజనం ముగించిన బంధువుల్లా ఆయాసపడుతున్నాయి. అనుమానం ముందు కళ్ళద్దాల మీదికి పోయింది. తుడిచి పెట్టుకున్నా గుడ్డు గుడ్డే.

గుండ్రటి లిపి మనది కాబట్టి ఈ జబ్బు తెలుగువాడికి ఇట్టే పట్టుబడుతుంది. నా తెర 1920 × 1080 చుక్కలది. దానిమీద 1024 × 768 బొమ్మను లాగి పరిస్తే నిలువుకన్నా అడ్డం ఎక్కువ సాగుతుంది. సెట్టింగుల్లో చూస్తే ఆ ఒక్క కొలతే ఉంది, ఎంచుకోవడానికి రెండోది లేదు. ఇంతకు మించరాదనే గీతలు మా జన్వాడకు కొత్త కాదు. హైదరాబాద్ జంట జలాశయాల రక్షణ కోసం 84 ఊళ్ళలో కట్టడాలకు పగ్గం వేసిన 1996 నాటి 111 జీవోలో మాదీ ఒకటి. ఈ గీత ఎవరు గీశారో మాత్రం తెలియలేదు. గంటసేపు, తెర కొలతలు మార్చే ఎక్స్‌రాండర్‌కు కొత్త కొలతలు నూరిపోశాను. మంత్రం పారలేదు.

గచ్చిబౌలిలో ఉండే మేనల్లుడికి ఫోన్ చేశాను.

“రాత్రి అప్‌డేట్ ఏమన్న చేసినవా మామా?”

“చేసిన.”

“గదే మరి. కెర్నల్ మారింది. మల్ల ఆన్ చేసి గ్రబ్ మెనూల పాతదాన్ని పట్టు.”

లినక్స్‌కు గుండెకాయ కెర్నల్. పాతదానితో లేపగానే సున్నా సున్నా అయింది. కొత్తది దిగినా పాతదాన్ని అటకమీద ఉంచడం లినక్స్‌లో నాకు నచ్చే పెద్దరికం.

చాలా గ్రాఫిక్స్ కార్డుల డ్రైవర్లు కెర్నల్‌తోనే వస్తాయి. నా కార్డుది బయటి సరుకు. కెర్నల్ మారినప్పుడల్లా దాన్ని కొత్త ఒంటికి మళ్ళీ కుట్టాలి. ఆ దర్జీ డీకేఎంఎస్, అతని చేతిలో ఉండాల్సిన కొలతల కాగితం కెర్నల్ హెడర్లు. కాగితం లేకపోతే కుట్టుపని ఆగుతుంది. డ్రైవరు లేకపోతే, తెర తన అసలు కొలత చెప్పుకున్నా వినేవాడుండడు. బూట్ అయినప్పుడు ఫర్మ్‌వేర్ పెట్టిపోయిన చిన్న బొమ్మే గతి.

‘డీకేఎంఎస్ స్టేటస్’ కొట్టి చూస్తే పాత కెర్నల్ పేరు పక్కన ‘ఇన్‌స్టాల్డ్’ అని ఉంది. కొత్తదాని ఊసే లేదు. దాని హెడర్లు దించగానే దర్జీ పని మొదలుపెట్టాడు. టీ తాగి వచ్చేసరికి కుట్టడం అయిపోయింది. రీబూట్ చేస్తే కొత్త కెర్నల్‌లోనూ ఠ గుండ్రంగా నిలబడింది. మేనల్లుడికి మళ్ళీ ఫోన్ చేసి సంగతి చెప్పాను.

“ఇంతకు హెడర్లు ఎట్ల పోయినయి మామా?”

పోయిన నెల డిస్కులో జాగా చాలక, పేరు అర్థంకాని ప్యాకేజీలన్నీ ఏరి పారేసింది నేనే.

“ఏమోరా,” అన్నాను.