ముందు రోజు

2018 డిసెంబర్‌లో మా ఊరి పేరు దేశమంతా మోగిపోయింది. ‘కేజీఎఫ్’ సినిమా మొదటి భాగం విడుదలైంది. అంతవరకూ కోలారు బంగారు గనులు ఎక్కడున్నాయో తెలియనివాళ్లు కూడా బెంగళూరు నుంచి బళ్లేసుకుని వచ్చి గని వ్యర్థాల సైనైడ్ దిబ్బల మీద నిలబడి ఫొటోలు తీసుకున్నారు. సరిగ్గా అదే నెలలో అమెరికాలో ఒక చిన్న నవల వచ్చింది. పేరు ‘ద డే బిఫోర్’, రాసినావిడ మికోల్ ఓస్టో. ‘రివర్‌డేల్’ అనే టీవీ సీరియల్‌కు అది ముందు కథ. మా ఊళ్లోని కోరమండల్‌లో కూర్చుని ఈ రెండింటినీ కలిపి ఆలోచించాల్సిన అవసరం నాకు వచ్చేది కాదేమో, మా అక్క కూతురు ఆ నవల తెచ్చి చేతిలో పెట్టకపోతే.

ఆ పిల్ల పీయూసీ చదువుతోంది. సీరియల్ ఏడు సీజన్లూ ఫోన్‌లోనే చూసేసింది. 2017లో మొదలై 2023 దాకా నడిచిన ఆ సీరియల్‌లో ఉన్నది ఒక చిన్న ఊరు, ఒక హైస్కూలు, ఆర్చీ, బెట్టీ, వెరోనికా, జగ్‌హెడ్ అనే నలుగురు పిల్లలు. ఆర్చీ 1941 నుంచీ బొమ్మల కథల పుస్తకాల్లో ఉన్నవాడే. వాళ్ల నవ్వుల లోకాన్ని తీసుకుని సీరియల్ వాళ్లు అందులో ఒక చావును పెట్టారు. జులై 4 పొద్దున జేసన్, షెరిల్ అనే కవలలు నదిలో పడవెక్కుతారు. జేసన్ తిరిగి రాడు. కథ అక్కడ మొదలవుతుంది.

నవల దానికి ఒక్క రోజు వెనక్కి వెళ్తుంది. ఆర్చీ తండ్రితో పాటు ఇళ్లు కట్టే పనిలో ఉన్నాడు. జగ్‌హెడ్‌కు డ్రైవ్‌ఇన్ థియేటర్లో ఉద్యోగం. బెట్టీ లాస్ ఏంజెలెస్‌లో ఉంది. వెరోనికా ఇంకా న్యూయార్క్‌లోనే ఉంది, ఈ ఊరి మొహం కూడా ఎరగదు. ఎవరి కథ వాళ్లే చెప్పుకుంటూ పోతారు. గొప్ప నవల అని నేననను. కొన్ని అధ్యాయాలు సీరియల్ అభిమానుల్ని సంతోషపెట్టడానికే రాసినట్టున్నాయి. కానీ ఆ రోజును ఎంచుకోవడంలో ఉన్న తెలివికి దండం పెట్టాలి. జేసన్ రేపు ఉండడని చదివేవాళ్లకు తెలుసు, ఆ పిల్లలకు తెలియదు. అందుకే స్నేహితుల మధ్య చిన్న మాట పట్టింపు వచ్చినా, అనుకున్న ప్రయాణం ఆగిపోయినా మనకు గుండె బరువెక్కుతుంది. ఏమీ జరగని రోజును ఊపిరి బిగబట్టి చదివించడం మామూలు పని కాదు.

ఇలా ముందు కథ చెప్పుకోవడం మనకు కొత్తేమీ కాదు. పట్టాభిషేకం అయిపోయాక ఋషులు రాముణ్ని చూడటానికి వచ్చి ఇంద్రజిత్తును చంపించావని పొగుడుతారు. రావణుణ్ని వదిలి అతణ్నెందుకు పొగుడుతున్నారని రాముడు అడుగుతాడు. అప్పుడు అగస్త్యుడు పులస్త్యుడి దగ్గర మొదలుపెట్టి రావణుడి పుట్టుక, తపస్సు, వరాలు, దండయాత్రలు అన్నీ చెప్పుకొస్తాడు. యుద్ధం ముగిశాక, చంపినవాడే కూర్చుని చచ్చినవాడి చిన్ననాటి కథ వింటున్నాడు! దీన్ని తిక్కన ‘నిర్వచనోత్తర రామాయణం’గా రాస్తే, తర్వాత కంకంటి పాపరాజు మళ్లీ రాశాడు. జరిగిపోయిన కథకు ముందు కథ కావాలన్న ఆకలి మనది కూడా. ‘బాహుబలి’ చూసినవాళ్లకు శివగామి పడుచుతనం తెలుసుకోవాలనిపించింది కాబట్టే 2017లో ఆనంద్ నీలకంఠన్ ‘ద రైజ్ ఆఫ్ శివగామి’ రాశాడు. అది రాజ్యాల కథ. దానికి ఏళ్లకు ఏళ్లు కావాలి. నాకు మాత్రం ఒక్క రోజుతో సరిపెట్టుకున్న నవలే దగ్గరగా అనిపించింది.

వెనక్కి తిరిగి చూడటం వల్లే మా ఊరు కూడా బతికింది. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ వాళ్లు బంగారం కోసం ఇక్కడ అడుగుపెట్టారు. మూడేళ్లు తిరిగేసరికి వాళ్లు నడిపిస్తున్న మైసూరు కంపెనీ పెట్టుబడి దాదాపు కరిగిపోయింది. వాటాదారులు చేతులెత్తేద్దామా అనుకునే స్థితి. అప్పుడొచ్చిన కెప్టెన్ ప్లమ్మర్, పూర్వకాలంలో ఎవరో తవ్వి వదిలేసిన గుంటల్ని జాగ్రత్తగా గమనించాడు. ఊరూ పేరూ మిగలని ఆ మనుషులు ఊరికే తవ్వి ఉండరని నమ్మి, అక్కడే కిందికి దిగాడు. ఛాంపియన్ అనే బంగారు పొర దొరికింది. ఆ పొరను పట్టుకునే తర్వాతి కాలంలో మనుషులు భూమిలోకి మూడు కిలోమీటర్లకు పైగా వెళ్లారు. 1902లో శివనసముద్రం నుంచి ఇక్కడికి కరెంటు వచ్చింది. 1965లో ఆ లోతుల్లోనే శాస్త్రవేత్తలు న్యూట్రినోల జాడ పట్టారు. ఇంత చరిత్రకూ దారి చూపినవి ఆ పాత గుంటలే.

‘కేజీఎఫ్’ సినిమాలోని నరాచి గని కల్పన. దాన్ని కల్పనగానే చూడాలి, నేనూ చప్పట్లు కొట్టే చూశాను. కానీ మా ఊరి అసలు కథ ఎప్పుడు ఎవరు చెప్పినా 2001 ఫిబ్రవరి 28 దగ్గర మొదలుపెడతారు. గనులు మూతపడిన రోజది. అక్కణ్నుంచి తుప్పుపట్టిన షాఫ్టులు, దుమ్ము లేచే దిబ్బలు, తెల్లారకముందే మారికుప్పం నుంచి బయల్దేరి ఛాంపియన్, ఊర్గాం, కోరమండల్ మీదుగా బెంగళూరు పనులకు జనాన్ని మోసుకుపోయే రైలు. మా ఊరి జేసన్ చచ్చిపోయాడని అందరూ రాశారు. ఆ ముందు రోజును రాసినవాళ్లు లేరు.

నవల ముగించాక అక్క కూతురు వాళ్లమ్మను అడిగింది, “ఫిబ్రవరి 27న నువ్వేం చేశావమ్మా?” అని.

అక్క అప్పుడు పదో తరగతి. “మంగళవారం కదా” అంటూ మొదలుపెట్టింది. సాయంత్రం లెక్కల ట్యూషన్‌కు వెళ్లిందట. ఇంట్లో తెలుగు, గని కార్మికుల ఇళ్ల లైన్లో తమిళం, పరీక్షకు కన్నడం, అందుకని ట్యూషన్లో అనుమానాలు మూడు భాషల్లో అడిగేవాళ్లట. పక్కలైన్లోని స్నేహితురాలితో మాటలు లేవట, ఒక రిబ్బను గురించి. నాన్న షిఫ్ట్ దిగి వచ్చి, పరీక్షలయ్యాక తిరుపతి పోదామన్నాడట. మూస్తారని వింటూనే ఉన్నారు గానీ, ఏళ్ల తరబడి వింటున్న మాట కాబట్టి ఆ రాత్రి దాని ఊసే రాలేదట.

“రిబ్బను ఏ రంగే?” అంది అక్క కూతురు.

“అది కూడా కావాలా?”

“అదే కావాలి.”

నిజంగా కావలసింది అదే. ఆ రోజు పదిహేనూ పదహారేళ్ల వయసులో ఉన్న పిల్లలు ఇప్పుడు నలభైకి అటూ ఇటూ ఉన్నారు. ఫుట్‌బాల్ ఆడుతూ చీకటి పడేదాకా మైదానం వదలని వాళ్లున్నారు. సైనైడ్ దిబ్బ వెనక ప్రేమలేఖ ఇచ్చి దెబ్బలు తిన్నవాళ్లున్నారు. తండ్రి గనిలోకి దిగిన కేజ్ పైకి వచ్చేదాకా అన్నం ముట్టని తల్లుల్ని చూస్తూ పెరిగినవాళ్లున్నారు. గని లోపల రాయి పగిలి ఏర్ బ్లాస్ట్ అయితే కంచాలు కదిలేవి, అయినా తినడం ఆపేవాళ్లం కాదు. ఇవి ఏ రికార్డు గదిలోనూ దొరకవు. వాళ్లు మరిచిపోకముందే అడగాలి, అడిగినవాళ్లు నవలగా రాయాలి. అది తెలుగులోనే రావాలని నా ఆశ. తమిళం మాట్లాడే పాత్రలు తమిళమే మాట్లాడనీ, కోలారు యాస యాసగానే ఉండనీ.

అక్క కూతురు రెండు వందల పేజీల నోటుపుస్తకం కొంది. రిబ్బను గులాబీ రంగని మొదటి పేజీలో రాసుకుంది. ఆ స్నేహితురాలు పెళ్లయి బంగారుపేటలో ఉంటోంది. ఆవిడ వైపు కథ కూడా అడగాలని ఆదివారం ఇద్దరం వెళ్తున్నాం.