ఒకే దీపం కింద

దీపాలు పెట్టే వేళ ఏ ఊరి సామాజిక భవనం ముందు నుంచి వెళ్లినా నా అడుగులు నెమ్మదిస్తాయి. లోపల ఎవరైనా చదువుకుంటున్నారేమోనని చెవి ఒగ్గుతాను. అలా ఆగినప్పుడల్లా దూబగుంట గుర్తొస్తుంది.

1991లో ఆ ఊరున్న నెల్లూరు జిల్లాలో 'అక్షరదీపం' అనే అక్షరాస్యతా ఉద్యమం వెలిగింది. ఊళ్లో నాలుగక్షరాలు వచ్చిన యువతీ యువకులే పంతుళ్లయ్యారు. పగలంతా కూలికెళ్లి వచ్చిన ఆడవాళ్లు రాత్రిపూట పలక పట్టారు. వాచకంలో సారా వల్ల చితికిన సంసారం కథ చదివి, అది తమ కథేనని గుర్తుపట్టారు. ఊళ్లో సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం అమల్లోకొచ్చింది.

సంతకం నేర్పడానికి పెట్టిన బడి, నోరు విప్పడం నేర్పింది. అమ్మ పలక పట్టిన ఇంట్లో బిడ్డకు చదువెందుకో వేరే చెప్పక్కర్లేదు. నేర్పిన కుర్రాడికీ తన ఊరు కొత్తగా అర్థమవుతుంది. పిల్లలూ, యువతా, పెద్దలూ ఒకే దీపం కింద కూర్చునే చోటు ప్రతి ఊరికీ ఉండాలి. పెళ్లిళ్లకూ మీటింగులకూ మాత్రమే తీసే సామాజిక భవనం తాళాన్ని రోజూ సాయంత్రం ఒక్క గంట చదువు కోసం తీయాలి. మొదలుపెట్టడానికి అది చాలు.